నీలిమందు పోసిన కుళాయి గుంత

భానుప్రకాష్‌ది పెద్ద గొంతు. మా కాలనీలో ఏ తగాదా వచ్చినా ఆ గొంతుతోనే గెలుస్తాడు. అలాంటివాడి నోరు లిడియా ఒక తడి కాగితంతో మూయించడం నేను కళ్లారా చూశాను.

నాలుగేళ్ల కిందటి ఎండాకాలం అది. నాలుగో వీధి కింది కొసన ఉన్న ఖమర్‌బీ ఇంటికి కుళాయిలో చుక్క రావడం లేదు. ఆ మనిషి ఖాళీ బిందె తెచ్చి వాల్వు దగ్గర బోర్లించి దాని పక్కనే కూర్చుంది. తాళంతో వాల్వు తిప్పి నీళ్లు వదిలే లిడియాదే తప్పని భానుప్రకాష్ వీధి నడిమధ్య నిలబడి అరుస్తున్నాడు.

"నీకు చేతకాకపోతే తాళం ఆడ పడేసి పో మే! మా వీధి కాడికి వచ్చేసరికి నీ చెయ్యి నొస్తాందా?"

లిడియా ఖమర్‌బీ ఇంటి ముందుకు పోయింది. సంచిలోంచి పాత క్యాలెండరు కాగితం తీసి, ఒక ముక్క చించి, నీళ్లలో తడిపి కుళాయి మూతికి ఆనించింది. కాగితం గబుక్కున మూతికి అతుక్కుపోయింది. ఆమె చెయ్యి తీసినా కింద పడలేదు.

"ఇది నీళ్లిచ్చే కుళాయి గదప్పా. కాగితాన్ని ఎందుకు గుంజుకుంటాంది?" అంది. "నువ్వు ఇంట్లోకి పొయ్యి స్విచ్చి ఆపి రా. కాగితం పడిపోతే నీళ్లు గుంజేది నీ మోటారు. పడకపోతే ఈ తాళం నీకే ఇచ్చి పోతా."

"నా ఇంట్లో మోటారు యాడుంది?"

"లేకుంటే ఇంగ భయమేంది? పోరాదూ?"

వీధి వీధంతా నవ్వింది. భానుప్రకాష్ కదల్లేదు. అతని పెండ్లాం శిల్పే తల వంచుకుని లోపలికి పోయింది. నిమిషం గడవకముందే కాగితం జారి మట్టిలో పడింది. కుళాయి గురగురమని, రెండుసార్లు దగ్గి, ధార కట్టింది. ఖమర్‌బీ బోర్లించిన బిందె తెచ్చి ధార కింద పెట్టింది. లిడియా ఆ కాగితం ముక్కను ఏరుకుని సంచిలో వేసుకుని తర్వాతి వీధికి పోయింది. గెలిచానన్న మాట కూడా అనలేదు. నేనైతే ఆ మాట మీద నెల రోజులు బతికేదాన్ని.

మా పాత ఊరు ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఊళ్లో మాది కిరాణా అంగడి, లిడియా వాళ్లది చర్చి వెనక వీధి. కొండాపురం దగ్గర మాకు కాలనీ కట్టి స్థలాలు ఇచ్చినప్పుడు రెండు వీధుల వాళ్లమూ ఒకే నీళ్ల ట్యాంకు కిందికి వచ్చాం. లిడియా పుట్టినిల్లు పులివెందుల వైపు. జమ్మలమడుగులో మిషను హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివింది. నా చదువు మూడుతోనే ఆగింది. అయినా ప్రొద్దుటూరు బట్టలంగడి వాళ్ల ఆడపడుచుని, నాకు తెలియంది ఆమెకేం తెలుస్తుందనే నా లెక్క.

ఆమె మొగుడు దేవపాలు కాలనీకి వాటర్‌మ్యాన్. కామెర్లతో అతను పోయాక తాళం లిడియా చేతికి వచ్చింది. తాళమంటే నడుమెత్తు ఇనప కడ్డీ, పైన అడ్డపిడి. దాన్ని భుజాన వేసుకుని పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి వీధి వీధికీ పోయి వాల్వు తిప్పుతుంది. మా ఇంటి ముందు ఎప్పుడైనా దాహం అడిగితే నేను చెంబుతో ఎత్తి దోసిట్లో పోసేదాన్ని. గ్లాసు ఇచ్చేదాన్ని కాదు. ఎందుకని అడగొద్దు. ఎందుకో మీకూ తెలుసు.

కానీ కష్టం వస్తే అందరం ఆమె దగ్గరికే పోయేవాళ్లం. రేషను బియ్యానికి వేలిముద్ర మిషను వచ్చిన కొత్తల్లో మా ముసలివాళ్ల వేళ్లను అది పట్టేది కాదు. అంట్లు తోమీ తోమీ, పేడ పిసికీ పిసికీ గీతలు అరిగిపోయాయి. డీలరు బొటనవేలిని తుడిచి తుడిచి అదిమిస్తాడు, మిషను ఎర్రగా కూస్తుంది. లిడియా మా వెనక వరసలో నిలబడి చూసి చూసి అడిగింది.

"పెద్దమ్మా, నీ రెండు చేతులకూ పది వేళ్లుండాయి గదా. అందులో పని చెయ్యకుండా తిని కూర్చున్న వేలు యాది?"

"అట్లాంటి వేలు మీ ఇంట్లో ఉంటుందేమో, నా చేతికి లేదు," అన్నాను.

"చిటికెన వేలు పెట్టి చూడు."

పెట్టాను. మిషను పచ్చగా వెలిగింది. ఆ రోజు నుంచి ముసలివాళ్లమంతా ముందే చిటికెన వేలు చాపుకుని నిలబడేవాళ్లం.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏది చెడిపోయినా మొదట ముట్టుకోదు, కాసేపు చూస్తుంది. తర్వాత ఒక్కటే కదిలిస్తుంది. "రెండు ఒక్కసారి కదిలిస్తే ఏది పని చేసిందో తెలీదు పెద్దమ్మా," అనేది. నాకు ఆ నిదానం చూస్తే ఒళ్లు మండేది.

పోయినేడు శ్రావణంలో అయిదు రోజులు ఎడతెరిపి లేని వాన. వాన తగ్గిన మూడో రోజు నాలుగో వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట ఒక ఇల్లు. మరునాటికి నాలుగు. మంగళవారానికి తొమ్మిది. ఖమర్‌బీ మనవరాలు సుహానాకు ఆరేళ్లు. ఇప్పుడు ఇంట్లోనే పెట్టుకున్న నా అంగడికి వచ్చి నాలుక బయటపెట్టి చాక్లెట్టు అడిగే పిల్ల. మంగళవారం మధ్యాహ్నం దాన్ని ఆటోలో వేస్తుంటే చూశాను. కళ్లు గుంటలు పడి, పెదాలు పిడచగట్టుకుపోయి, పిలిస్తే పలకలేదు. జమ్మలమడుగు ఆసుపత్రిలో సీసా ఎక్కిస్తున్నారని సాయంత్రం కబురు వచ్చింది.

ఆఫీసరు ఒకాయన వచ్చి ట్యాంకు పైకి మనిషిని ఎక్కించి చూడమన్నాడు. ట్యాంకు బాగానే ఉందన్నారు. అయినా బ్లీచింగు పొడి కలిపి పోయారు. బుధవారం పొద్దున ఆ ఇళ్లలోనే ఇంకొకరు పడ్డారు.

ట్యాంకు బాగుంటే తప్పు ఎవరిది? ఆ మాట మొదట అన్నది నేనే. దాచను. ట్యాంకు దగ్గర జనం చేరినప్పుడు, "ఆ చేతులు ఎట్లాంటివో, యాడ పెట్టి వచ్చి వాల్వు ముట్టుకుంటాందో ఎవురు చూసినారు?" అన్నాను. ఆ మాట భానుప్రకాష్ అందుకున్నాడు. మూడేళ్ల నుంచి వాడి కడుపులో ఆ తడి కాగితం అట్లే ఉంది మరి.

"రేపు ఎనిమిది గంటలకు ఈడికే వచ్చి తాళం ఇచ్చి పోవల్ల. వేరే మనిషిని పెట్టుకుంటాం," అన్నాడు.

లిడియా తాళాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆ తాళం పోతే ఆమెకు ఇంకో పని లేదు.

"రేపు ఎనిమిదికి ఇచ్చేస్తానప్పా. కొత్త మనిషి వచ్చి తిప్పినా వచ్చేది ఈ నీళ్లే. మురికి యాడ కలుస్తాందో తెలియకుంటే సుహానా పక్కన ఇంకో పిల్లను పండబెట్టల్ల. అంతవరకు నాలుగో వీధిలో కుళాయి నీళ్లు ఎవురూ తాగాకండి. కాచి గూడా తాగాకండి. ఒక్క దినం."

ఆ దినమంతా ఆమె వీధిలో తిరిగింది. చేతిలో బడి నుంచి తెచ్చిన సుద్దముక్క. ఇంటింటికీ పోయి ఒకే రెండు మాటలు. తాగేది కుళాయి నీళ్లా, క్యాన్ నీళ్లా? ఇంట్లో ఎవరికైనా కడుపు చెడిందా? జబ్బు ఉన్న గడపకు అడ్డగీత, లేని గడపకు నిలువుగీత. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ట్యాంకు వైపు మా పైనున్న ఆరిళ్లకూ నిలువుగీతలే పడ్డాయి. వాళ్లంతా కుళాయి నీళ్లే తాగుతారు. మా కింద తొమ్మిదిళ్లు, తొమ్మిదింటికీ అడ్డగీతలు. మధ్యలో మా ఇల్లు. మేం తాగేది క్యాన్ నీళ్లు కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

నాలుగు గంటలకు ఆమె మా గడప ముందు నిలబడింది. సుద్దముక్క సంచిలో పెట్టుకుంది, గీత గీయలేదు.

"పెద్దమ్మా, మీ కుళాయి గుంత ఒకసారి చూడల్ల."

ఆ గుంత గురించి చెప్పాలి. మా ఇల్లు వీధిలో మెరక మీద ఉంది. కాలనీకి వచ్చిన కొత్తలో నీళ్లు సన్నగా వచ్చేవి. గొట్టం ఎంత కిందికి పోతే నీళ్లు అంత ధారగా వస్తాయని నాకు తెలుసు. అందుకని ఇంటి ముందు మూడడుగుల గుంత తవ్వించి, కుళాయిని అడుగుకు దించి, పైన కడప బండలు పరిపించాను. కాలనీలో మొదటి కుళాయి గుంత నాదే. నన్ను చూసి ఇంకో పదిమంది తవ్వుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ కుళాయికి తిప్పే పిడి కూడా లేదు. రబ్బరు ట్యూబు తగిలించి గుంతలోనే వదిలేస్తాం. నీళ్లు వచ్చినప్పుడు తీసి బిందెలో పెడతాం. పిడి ఎందుకు, నీళ్లు వచ్చేదే అరగంటసేపు కదా.

బండ జరిపించింది. గుంతలో మోకాలి లోతు నీళ్లున్నాయి. నల్లగా, పైన సబ్బు నురగ. పక్కనే మేం అంట్లు తోమే చోటు. గోడవతల వీధి కాలవ వానకు పూడిపోయి, ఆ నీరు గోడ కింద నుంచి ఊరుతోంది. రబ్బరు ట్యూబు ఆ నీళ్లలో మునిగి ఉంది.

"అయితే ఏంది?" అన్నాను. "నీళ్లు కుళాయిలోంచి గుంతలోకి వస్తాయి గానీ గుంతలోంచి కుళాయిలోకి ఎట్ల పోతాయి మే? మూడో తరగతి చదివిన నాకే తెలుసు."

"నేను వాల్వు కట్టేసినాక పల్లంలో ఉండే కుళాయిలు గొట్టంలో మిగిలిన నీళ్లను కిందికి లాగుతాయి పెద్దమ్మా. పైన ఖాళీ అయితాది. ఆ ఖాళీలోకి ఏది అందితే అది పోతాది. పోతాందని నేను అనడంల్యా. పోతాందేమో చూద్దామంటాండా."

"నీ తాళం పోకుండా నా గుంత మీద పెడతాండావా? మేం శెట్లం మే. మా ఇంట్లో మురికి యాడిది?"

మా ఆయన గురుమూర్తి లోపలి నుంచి, "చూడనీ, పోయేదేముంది," అన్నాడు. ఆయన్ను కసిరాను. కానీ అరుగుల మీద నాలుగు తలకాయలు లేచాయి. వద్దంటే నాకే ఏదో భయమని అనుకుంటారు. లిడియా సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు.

"అయిదున్నరకు వాల్వు కట్టేసే ముందు ఇది గుంతలో పోస్తా. పొద్దున ఆరింటికి నీళ్లు వదిలినప్పుడు కింది ఇండ్లలో చూద్దాం. తెల్లగా వస్తే నీ గుంతకు సంబంధం ల్యా. ఇంగ గొట్టం అతుకు తవ్వి చూడల్ల."

"ఒక్క పొట్లం ఏం ఆనుతుంది?" అని నేనే అంగడిలోకి పోయి ఇంకో రెండు తెచ్చాను. "మూడూ పొయ్యి. రేపు తెల్లగా వచ్చినాక అందరి ముందర నా కాళ్లు పట్టుకోవల్ల."

"సరే పెద్దమ్మా."

అయిదున్నర కాబోతుండగా పొట్లాలు విప్పింది నేనే, పోసింది నేనే. గుంత నెమలి కంఠంలా అయింది. వీధి చివర ఆమె తాళం తిప్పిన చప్పుడు వినబడింది. కాసేపటికి చూస్తే గుంతలో నీళ్లు రెండు వేళ్లంత దిగి ఉన్నాయి. భూమి పీల్చుకుందిలే అనుకున్నాను. గట్టిగా అలాగే అనుకున్నాను. బండ నేనే జరిపి కప్పేశాను.

నాకు ఆ రాత్రి అన్నం దిగలేదని చెప్పను. తిన్నాను. రుచి మాత్రం తెలియలేదు.

గురువారం ఆరింటికి ముందే లిడియా కంటే ముందు నేనే ఖమర్‌బీ ఇంటి ముందుకు చేరాను. ఈమె ఏ రంగో కలిపి మాయ చేయకుండా కాపలాకు వచ్చానని నాకు నేను చెప్పుకున్నాను. ఖమర్‌బీ ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్లంతా ఆసుపత్రిలో ఉన్నారు. కుళాయి గోడ బయటే. కింద తెల్ల స్టీలు బిందె పెట్టి, లిడియా వాల్వు తిప్పి పరుగున వచ్చింది. వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు. ఆ బిందె ముందు ఇద్దరమే.

"ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందా?" అన్నాను, ఊరకుండలేక.

"వచ్చింది. ఇంగా లేచి కూర్చోల్యా. రెండో సీసా ఎక్కిస్తాండారంట."

కుళాయి గాలి ఊదింది. ఆగింది. దగ్గింది. మొదట తుప్పు రంగు నీళ్లు చారెడు పడ్డాయి. తర్వాత తెల్లటి ధార. "చూస్తివా?" అనబోయి నోరు తెరిచాను. ధార సన్నబడింది, మళ్లీ ఎగిసింది, ఎగిసినప్పుడు నీలంగా వచ్చింది. కొద్దిగా కాదు. ఉతికిన చీరకు పెట్టేంత నీలం. బిందె అంచుకు తగిలి చిమ్మి నా తెల్ల నేత చీర కుచ్చిళ్ల మీద పడింది.

"నువ్వే ట్యాంకులో కలిపినావు," అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు బాగుండేది. ఖాళీ చెంబు తీసుకుని మా ఇంటికి పైనున్న గౌరీ వాళ్ల కుళాయికి నడిచింది. నేనూ వెంట నడిచాను. పట్టి చూపించింది. చెంబు అడుగున నక్షత్రం గుర్తు కనిపించేంత తేట నీళ్లు. అది ట్యాంకు నుంచి నా ఇంటికి ముందు వచ్చే నీళ్లు. మళ్లీ కిందికి వచ్చాం. బిందె నిండి నీలం పొర్లుతోంది.

సుహానా ఆటోలో తల వాల్చిన తీరు కళ్ల ముందుకొచ్చింది. చేతులు ఎట్లాంటివో అని నేనన్నది గుర్తొచ్చింది. కాళ్లు పట్టుకోమని నేనే అన్నాను. ఇప్పుడు పట్టుకోవాల్సింది ఎవరు?

"లిడియా, ఎవురికీ చెప్పాకు. ఇప్పుడే పోయి పూడ్చేస్తా. తాళం సంగతి నేను చూసుకుంటా, భానుప్రకాష్ నోరు నేను మూయిస్తా. గొట్టం అతుకు పోయిందని చెప్పు. ఎవురికి తెలుస్తాది?"

ఆమె వాల్వు కట్టేసి వచ్చి, బిందె నీళ్లు పారబోయకుండా పైన మూత పెట్టింది. మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు నన్ను చూసింది. చెడిపోయిన మోటారును చూసే చూపు అది.

"అతుకు అని చెప్తే నీ ఒక్క గుంత పూడుతాది పెద్దమ్మా. ఇంగా పది ఉండాయి. నేను పొయ్యి పూడ్చమంటే, తాళం నిలబెట్టుకునేదానికి మా మీద వేస్తాందని అంటారు. నిన్న నువ్వు అన్లేదా? వాళ్లు తవ్వింది నిన్ను చూసి. పూడ్చేది గూడా నిన్ను చూసే పూడ్చల్ల."

"నన్ను ఏం చెయ్యమంటావు?"

లిడియా వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టింది.

"ఖమర్‌బీ పిల్ల బట్టలకని ఏడున్నర బస్సుకు వస్తాది. ఆమెకు మొదట నువ్వే చెప్పు, నా నోటితో కాదు. ఆమె తిట్టినా, మన్ను పోసినా అడ్డం చెప్పాకు. ఎనిమిదింటికి ట్యాంకు కాడ అందరికీ చెప్పు. ఈ బిందె నువ్వే మోసుకుని రా, మూత నువ్వే తియ్యి. ఆమీట మీ ఇంటి కాడికి అందరూ వస్తారు. గుంతలో మొదటి గంప మన్ను నీ చేత్తో వెయ్యి. తక్కిన పదిండ్లకు నేను వెనకాల వస్తా, ముందర నువ్వు నడువు."

నేను లేచాను. ముందు ఇంటికి పోయి స్నానం చేసి, వేరే చీర కట్టుకుని వస్తానన్నాను. ఆమె నా కుచ్చిళ్ల మీద పడిన నీలం మరకను చూసింది.

"చీర మార్చుకోవాకు పెద్దమ్మా," అంది. "అట్లే రా."